నాన్న చెయ్యి అందినంత ఎత్తులో

మా నాన్న స్వెటర్ ఎప్పుడూ కుర్చీ మీదే ఉండేది. బయటికెళ్లి రాగానే విప్పి, వీధి తలుపు దగ్గరున్న కుర్చీకి వేసేసి లోపలికి వెళ్లిపోయేవారు. తలుపు పక్కన గోడకి నాలుగు కొక్కేలున్న పట్టీ ఉంది. అందులో రెండు కొక్కేలు ఖాళీగానే ఉండేవి. అయినా కుర్చీయే. నేను రోజూ ఆ స్వెటర్ తీసి కొక్కేనికి తగిలిస్తూ, "నాన్నా, రెండడుగులు వేస్తే కొక్కెం ఉంది కదా" అనేదాన్ని. "సరేనమ్మా" అనేవారు. మర్నాడు మళ్లీ కుర్చీ మీదే.

ఒకరోజు వానలో తడిసి వచ్చారు. రెయిన్‌కోటు కుర్చీకి వేస్తే కింద నీళ్లు కారతాయని కొక్కేనికి తగిలించబోయారు. నేను లోపలి గదిలోంచి చూస్తున్నాను. కుడి చెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోయింది. ఎడమ చేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఎత్తి పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, రెండోసారికి తగిలించారు. ఫ్రోజెన్ షోల్డర్ అని డాక్టరు చెప్పి అప్పటికే ఏడాది దాటింది. తల దువ్వుకోవడం కష్టమవుతోందని తెలుసు, చొక్కా తొడుక్కోవడానికి సాయం కావాలని తెలుసు. కొక్కెం సంగతి మాత్రం నాకు తట్టలేదు. అది నేల నుంచి 170 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో బిగించింది నేనే.

ఆ నెలలోనే ఒక రాత్రి ఆ పట్టీ మొత్తం ఊడి కింద పడింది. రెండు తడి రెయిన్‌కోట్లు, పాప స్కూలు బ్యాగు, ఒక గొడుగు, వాటితోపాటు పిడికెడు ప్లాస్టరు. గోడలో రెండు గుంటలు మిగిలాయి. మళ్లీ అదే పట్టీ బిగించకుండా, ఈసారి నా చేతులతో కొత్తది చేయాలనుకున్నాను. కోట్ ర్యాక్ అని వెతికితే బోలెడన్ని బొమ్మలు కనిపిస్తాయి. కానీ మనకి ఎంత చక్కటి మాట ఉంది, చిలక్కొయ్య! గోడలోంచి కొంచెం పైకి చూస్తూ పొడుచుకొచ్చిన కొయ్య. నేను చేసింది అలాంటివి ఐదు వరసగా ఉన్న ఒక పలక.

ముందు ఆ పట్టీ ఎందుకు ఊడిందో తెలుసుకోకుండా పని మొదలుపెట్టకూడదనుకున్నాను. కింద పడిన పట్టీని తిరగేసి చూశాను. దాని వెడల్పు 5 సెంటీమీటర్లు. రెండే రెండు స్క్రూలు, అవీ సరిగ్గా వెడల్పు మధ్యలో, అంటే కింది అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్ల పైన.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే. కోటు బరువు స్క్రూని కిందికి లాగుతుందనే అనుకుంటాం. నిజమే, కొంత లాగుతుంది. కానీ కోటు వేలాడేది గోడకి ఆనుకుని కాదు, కొంచెం ముందుకి. అందువల్ల పట్టీ తన కింది అంచు మీద మీటలాగా తిరగబోతుంది. కింది అంచు గోడని నొక్కుతుంది, పైభాగం గోడ నుంచి విడిపోవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఆపేది స్క్రూ ఒక్కటే. అన్నీ కలిపి 15 కిలోల బరువు, గోడకి 8 సెంటీమీటర్ల ముందు వేలాడుతోందనుకుందాం. స్క్రూ కింది అంచుకి రెండున్నర సెంటీమీటర్ల పైన ఉంటే, దాన్ని గోడలోంచి బయటికి లాగే బలం 15ని 8తో గుణించి రెండున్నరతో భాగిస్తే వస్తుంది. 48 కిలోలు. రెండు స్క్రూలే కాబట్టి ఒక్కోదాని మీద 24. అదే స్క్రూలు కింది అంచుకి 9 సెంటీమీటర్ల పైన ఉంటే? మొత్తం 13 కిలోల చిల్లర. నాలుగు స్క్రూలు వేస్తే ఒక్కోదానికి మూడున్నర కిలోలు కూడా రాదు. కోట్లు అవే, గోడ అదే. పలక వెడల్పు, స్క్రూ ఉన్న చోటు మారాయి, అంతే.

రెండో కారణం గోడలోనే కనిపించింది. స్క్రూకి పట్టు దొరకడానికి గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులు ఊడొచ్చి, ఇంకా స్క్రూలనే పట్టుకుని ఉన్నాయి. పొడవు చూస్తే రెండున్నర సెంటీమీటర్లు. మా గోడకి ప్లాస్టరు ఒకటిన్నర సెంటీమీటర్ల మందం. అంటే ప్లగ్గులో సగానికి పైగా ప్లాస్టరులోనే ఉంది, ఇటుకలోకి దిగింది ఒక్క సెంటీమీటరే. ప్లాస్టరు గోడని నున్నగా చేయడానికి వేసే పూత. అది బరువు మోయదు.

పలక కోసం కొత్త చెక్క కొనలేదు. పాత పుస్తకాల బీరువా విప్పేసినప్పుడు దాచిన అర ఒకటి ఉంది. 95 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం. పాత చెక్కతో ఒక లాభం, ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండి ఆరాల్సినంత ఆరిపోయి ఉంటుంది. కొత్త పచ్చి చెక్క అయితే గోడకి ఎక్కాక ఆరుతూ వంకర తిరుగుతుంది. పాత చెక్కతో ఒక ప్రమాదం కూడా ఉంది, లోపల విరిగిన మేకులు. రంపం పెట్టే ముందు ఒక అయస్కాంతాన్ని పలక మొత్తం మీద మెల్లగా జరిపి చూడండి. నాకు ఒక చివర రెండు చోట్ల అతుక్కుంది. తల విరిగిపోయిన మేకులు, పైకి ఏమీ కనిపించడం లేదు. ఆ చివర 5 సెంటీమీటర్లు కోసి పారేశాను. 90 మిగిలింది. వెడల్పులో 12 సెంటీమీటర్లు ఈ పలకకి, మిగతా పట్టె పక్కన పెట్టాను.

పొడవునా కోసిన అంచు చేతి రంపంతో తిన్నగా రాదు. గీతకి రెండు మిల్లీమీటర్లు వదిలి కోసి, తర్వాత చిత్రిక పట్టాను. చిత్రిక పట్టేటప్పుడు చెక్క పోగులు ఎటు లేస్తున్నాయో చూసుకోవాలి. ఒకవైపు నుంచి తోస్తే ఉల్లిపొరలాంటి చుట్టలు వస్తాయి, రెండోవైపు నుంచి తోస్తే పెచ్చులు లేస్తాయి. పెచ్చు లేస్తే ఆపేసి పలక తిప్పుకోవడమే.

ఎత్తు ఎలా నిర్ణయించానో చెప్పాలి. టేపు తీయలేదు. నాన్నని గోడ దగ్గర నిలబెట్టి, "నొప్పి లేకుండా చెయ్యి ఎంతవరకు లేస్తే అంతవరకే ఎత్తి అరచెయ్యి గోడకి ఆనించండి" అన్నాను. ఆనించారు. మూడుసార్లు చేయించాను. మొదటిసారి నా కోసం కొంచెం కష్టపడి ఎత్తారని ముఖం చూస్తే తెలిసింది. మూడోసారి ఆనించిన చోట వేళ్ల చివర పెన్సిలుతో గీత గీశాను. ఆ తర్వాత కొలిస్తే 128 సెంటీమీటర్లు.

170కి, 128కి మధ్య 42 సెంటీమీటర్లు. ఆ గీత ముందు నేను కాసేపు అలా నిలబడిపోయాను.

అంత కిందికి దించితే పొడుగు కోట్లు నేల మీద పడతాయేమోనని టెన్షన్ పడ్డాను. ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికన్నా పొడుగైనది మా ఆయన రెయిన్‌కోటు. కాలరు లోపలి ఉచ్చు నుంచి కింది అంచు దాకా 114. 128 దగ్గర తగిలిస్తే ఇంకా 14 సెంటీమీటర్లు మిగులుతుంది. మరి 170 ఎందుకు పెట్టినట్టు? నిలబడి చూస్తే కంటికి బాగుందని పెట్టాను, ఇంకే కారణమూ లేదు. మా పాప ఎత్తు 124. పాత కొక్కేలు దానికీ అందేవి కావు, బ్యాగు నేల మీద పడేసి వెళ్లేది, నేనే తీసి తగిలించేదాన్ని. కొత్త ఎత్తు దానికీ చక్కగా అందుతుంది. పొడుగ్గా ఉండే మా ఆయనకి ఏమైనా ఇబ్బందా అని అడిగితే, కోటు తగిలించడానికి చెయ్యి పైకెత్తక్కర్లేకపోవడం ఇంకా సుఖం అన్నారు.

అయితే ఈ ఎత్తులో ఒక విషయం మాత్రం తప్పకుండా ఆలోచించాలి. పాప ఇంకొంచెం పొడుగైతే కొయ్యల చివర్లు సరిగ్గా దాని కళ్ల ఎత్తుకి వస్తాయి. అందుకని నడిచే దారి పక్కన పెట్టదలచుకోలేదు. తలుపుకీ గోడలోంచి 40 సెంటీమీటర్లు ముందుకొచ్చిన అలమరకీ మధ్య ఒక సందులాంటి మూల ఉంది. కొయ్యలు గోడ నుంచి 11 సెంటీమీటర్లే వస్తాయి కాబట్టి అలమర చాటున ఉంటాయి. పరుగెత్తుకుంటూ వచ్చినా ముఖం అక్కడికి వెళ్లదు. ఇనుప కొక్కేల బదులు లావుపాటి గుండ్రటి కొయ్యలు ఎంచుకోవడానికి కూడా ఇదే కారణం. ఇంట్లో చిన్నపిల్లలుంటే సన్నటి మొన ఉన్న కొక్కెం ఈ ఎత్తులో పెట్టనే వద్దు.

గోడ చుట్టూ పట్టె, దానికి వరసగా కొయ్యలు, ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చినవాళ్లు షేకర్లు. 1774లో ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఒక క్రైస్తవ సమాజం. వాళ్ల గదుల్లో గోడల పొడవునా ఇలాంటి కొయ్యలుండేవి. టోపీలు, చీపుర్లే కాదు, నేల ఊడ్చేటప్పుడు కుర్చీలు కూడా ఎత్తి వాటికే తగిలించేవాళ్లు. కుర్చీని మోసే కొయ్య కోటుని మోయలేదా అని నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

కొయ్యలకి 22 మిల్లీమీటర్ల లావున్న గుండ్రటి కర్ర, మీటరు పొడవుది తెచ్చాను. కొనేటప్పుడు కర్రని కంటి ముందు పెట్టుకుని చివరి నుంచి చూడండి, వంకర ఉంటే తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, పోగులు కర్ర పొడవునా తిన్నగా వెళ్తున్నాయా లేదా అన్నది. ఏటవాలుగా వెళ్లి పక్కకి తేలిపోయే కర్ర అయితే బరువు పడ్డప్పుడు ఆ వాలు వెంటే చీలిపోతుంది. ఒక్కో కొయ్య 11.5 సెంటీమీటర్లు కోశాను. 9 సెంటీమీటర్లు బయట ఉంటుంది, 2 పలకలో, మిగిలిన కాస్త వెనకకి పొడుచుకొస్తుంది, తర్వాత కోసేయడానికి. బయటి చివర ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, శాండ్ పేపర్‌తో పాప బుగ్గకి రాసినా గరుకు తగలనంత నున్నగా చేశాను.

పలక మీద కొయ్యల గుర్తులు పెట్టేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. మొదటి గుర్తు నుంచి రెండోది, రెండో దాని నుంచి మూడోది అని కొలుచుకుంటూ పోతే ప్రతి కొలతలోని తేడా తర్వాతిదానికి చేరిపోతుంది. టేపు ఒకే చివర ఉంచి 9, 27, 45, 63, 81 అని ఒక్కసారే పెట్టేశాను. కొయ్యకీ కొయ్యకీ మధ్య 18 సెంటీమీటర్లు, అటూ ఇటూ 9. దళసరి కోట్లు పక్కపక్కన వేలాడాలంటే ఆ మాత్రం ఎడం కావాలి. తడివైతే మరీను, మధ్యలో గాలి ఆడకపోతే ముక్కవాసన వస్తాయి. ఐదు బదులు ఏడు కొయ్యలు పెట్టొచ్చు కదా అని మా ఆయన అన్నారు. పెట్టొచ్చు. కానీ అప్పుడు ఒకదాని మీద ఒకటి పడి, అడుగున ఉన్నది తీయాలంటే పైదాన్ని ఎత్తాలి. నాన్నకి ఒక్క చెయ్యే సరిగ్గా పనిచేస్తుంది. ఐదే ఉంచాను.

కొయ్య గోడకి సూటిగా ఉంటే నున్నటి బట్ట జారిపోతుంది. కొంచెం పైకి వాలి ఉండాలి. నేను 10 డిగ్రీలు పెట్టాను. 9 సెంటీమీటర్ల కొయ్యకి ఆ వాలు వల్ల చివర దాదాపు 16 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. కోటు ఉచ్చు జారకుండా ఉండటానికి అది చాలు. ఇంకా ఎక్కువ వాలు పెడితే తీసేటప్పుడు పైకి ఎత్తాల్సి వస్తుంది, మళ్లీ భుజం మీదే భారం.

వాలుగా రంధ్రం వేయడం వినడానికి కష్టంగా ఉంటుంది గానీ చెయ్యడానికి తేలిక. డ్రిల్లుని వంచకండి, పలకని వంచండి. పలకని బల్ల మీద వెల్లకిలా పెట్టి, పైఅంచు కింద 21 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్కముక్క దూర్చాను. 12 సెంటీమీటర్ల వెడల్పు పలక అప్పుడు 10 డిగ్రీలు వాలుతుంది. డ్రిల్లు పక్కన మూలమట్టం (L ఆకారపు కొలబద్ద) నిలబెట్టుకుని, దానికి సమాంతరంగా నిటారుగా దించితే సరి. గోడకి ఎక్కినప్పుడు పైన ఉండే అంచు ఏదో ముందే పెద్దగా రాసుకోండి, తప్పు అంచు ఎత్తితే కొయ్యలు నేలచూపులు చూస్తాయి. పలక కింద ఒక పనికిరాని చెక్క పెట్టి, రెండూ కలిపి బిగించాకే రంధ్రం వేయాలి. లేకపోతే బిట్టు అవతలికి దిగేటప్పుడు వెనకవైపు చెక్క చిట్లిపోతుంది.

కొయ్య బిగింపు గురించి ఎంత చెప్పినా తక్కువే. జిగురు ఒక్కటే చాలని చాలామంది అంటారు. రోజూ లాగుతూ ఊపుతూ ఉండే కొయ్యకి నాకు జిగురు మీద నమ్మకం చాలలేదు. పలకలో దిగే చివర మధ్యలో 15 మిల్లీమీటర్ల లోతున రంపంతో గాటు పెట్టాను. జిగురు రాసి, కొయ్యని ముందునుంచి దూర్చి, పలక తిప్పి, ఆ గాటులోకి సన్నటి చెక్క బద్దని సుత్తితో కొట్టాను. బద్ద దిగేకొద్దీ కొయ్య చివర విచ్చుకుని రంధ్రంలో బిర్రబిగుసుకుంటుంది. గొడ్డలి పిడి బిగించేదీ ఇలాగే.

దీన్ని ముందు ఒక తుక్కు ముక్క మీద చేసి చూడటం మంచిదైంది. మొదటిసారి గాటుని పలక పోగుల వెంట ఉండేలా పెట్టాను. బద్ద రెండు దెబ్బలకే పలక ముక్క టప్పున నిలువునా చీలింది. కారణం తెలిశాక మాత్రం మరిచిపోలేం. గాటు పోగుల వెంట ఉంటే, బద్ద పోగులని ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీసే దిక్కుకి తోస్తుంది. చెక్క సులువుగా చీలే దిక్కు అదే. గాటు పోగులకి అడ్డంగా ఉంటే, బద్ద తోపు పోగుల పొడవు వెంట పడుతుంది, అటు చెక్క ఎంతైనా తట్టుకుంటుంది. రెండో ముక్క మీద గాటు అడ్డంగా తిప్పి కొట్టాను, చీలలేదు. అసలు పలక మీద ఐదు కొయ్యలూ అలాగే. ఒక రాత్రి ఆరనిచ్చి, వెనక పొడుచుకొచ్చిన ముక్కల్ని రంపంతో కోసి, ఉలితో సమం చేశాను. వెనక ఏ మాత్రం ఎత్తు మిగిలినా పలక గోడకి ఆనదు.

శాండ్ పేపర్ 80 నంబరు గరుకుతో మొదలుపెట్టి, ఇంకా నున్నటి 120, 180. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నూగులాగా పోగులు లేస్తాయి. ఆరాక 180తోనే మళ్లీ తేలిగ్గా రుద్దితే ఇక లేవవు.

పూతకి అవిసె నూనె వాడాను, త్వరగా ఆరే బాయిల్డ్ రకం. పలచగా రాయడం, పావుగంట ఆగి పొడిగుడ్డతో గట్టిగా తుడిచేయడం, ఒక రోజు ఆరనివ్వడం. ఇలా మూడుసార్లు. బీరువాలో ఉన్నన్నాళ్లూ దుమ్ముకొట్టుకుపోయిన ఆ చెక్కలోంచి మొదటి పూతకే తేనెరంగు బయటపడింది. పాప పక్కనే కూర్చుని చూస్తూ, "ఇది లోపల ముందునుంచే ఉందా అమ్మా?" అని అడిగింది.

ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఈ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే నిప్పు అంటుకోవచ్చు. నేను వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా విడదీసి పరిచి, గట్టిగా బిరుసెక్కేదాకా ఆరనిచ్చాకే పారేశాను. ఆరబెట్టే చోటు లేకపోతే నీళ్లలో ముంచి ఉంచాలి.

మూడో పూత తర్వాత కూడా వెంటనే బట్టలు తగిలించలేదు. వారం ఆగి, ఒక తెల్ల గుడ్డని కొయ్యకి చుట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్న మరక లేదు.

ఇక గోడ. పలక మీద పెట్టినంత శ్రద్ధ గోడ మీద కూడా పెట్టకపోతే ఈ పనంతా వృథా. పాత పట్టీ నాకు నేర్పింది అదే.

స్విచ్చుబోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, అదే ఎత్తులో పక్కలకీ తీగలు ఉండే అవకాశం ఎక్కువ. ఆ గీతల జోలికి వెళ్లలేదు. పలకలో ముందే కింది అంచు నుంచి 9 సెంటీమీటర్ల ఎత్తున, కొయ్యల మధ్యలో వచ్చేలా 18, 36, 54, 72 దగ్గర స్క్రూ రంధ్రాలు వేసుకున్నాను. అన్నీ ఒకే వరసలో ఉండటానికి ఇంకో కారణం ఉంది. చెక్క పొడవులో దాదాపు మారదు గానీ, గాలిలో తేమని బట్టి వెడల్పులో ఒకట్రెండు మిల్లీమీటర్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పైనా కిందా రెండు వరసల్లో బిగించేస్తే ఆ కదలికకి చోటు లేక పలక పగలొచ్చు.

నాన్న గీతకి కొయ్య చివర వచ్చేలా పలకని గోడకి ఆనించి, మీద రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చాక, రంధ్రాల్లోంచి పెన్సిలుతో గోడ మీద గుర్తులు పెట్టాను. పలక రెండో చివర పట్టుకున్నది నాన్నే, ఎడమ చేత్తో. "కొంచెం దించమ్మా... ఆఁ, చాలు" అని రసమట్టం చదివిందీ ఆయనే.

8 మిల్లీమీటర్ల బిట్టు. 75 మిల్లీమీటర్ల దగ్గర బిట్టుకి అంటించే టేపు చుట్టుకున్నాను, అది గోడని తాకగానే ఆపేయడానికి గుర్తు. కళ్లజోడు పెట్టుకుని, మొదట డ్రిల్లులో హ్యామర్ (కొడుతూ తొలిచే పద్ధతి) ఆపేసి మెల్లగా, ప్లాస్టరు దాటాక హ్యామర్ మీద. వచ్చే పొడిని గమనించండి, గోడ లోపల ఏముందో అదే చెబుతుంది. మా గోడలో మొదట బూడిదరంగు పొడి, అది ప్లాస్టరు. ఆ తర్వాత ఎర్రటి పొడి, అది ఇటుక. మూడు రంధ్రాలు ఇలాగే వచ్చాయి. 54 దగ్గర మాత్రం బూడిదరంగు పొడి ఆగలేదు, బిట్టు ఏ అడ్డూ లేకుండా లోపలికి జారిపోయింది. రెండు ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడింది. అక్కడ ప్లగ్గు పట్టు ఉండదు. పోనీలే, మిగతా మూడు ఉన్నాయి కదా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ పాత గుంటలు పక్కనే కనిపిస్తున్నాయి. ఆ రంధ్రం సిమెంటుతో పూడ్చి, 3 సెంటీమీటర్లు పక్కకి జరిపి కొత్తది వేశాను. ఎర్రపొడి వచ్చింది. పలకలో పాత రంధ్రాన్ని గుండ్రటి చెక్క బిళ్లతో మూశాను. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, తెలిసినా నాకు ఇబ్బంది లేదు.

రంధ్రంలో పొడి మిగిలితే ప్లగ్గు చివరిదాకా దిగదు, దిగినా జారుతుంది. వాక్యూమ్ క్లీనరు గొట్టం ఆనించి లాగేశాను. ప్లగ్గులు ఈసారి 50 మిల్లీమీటర్లవి. ప్లాస్టరు లోపలికంటా, ఇటుకలోకి పూర్తిగా దిగేలా మేకుతో తోశాను. స్క్రూలు 5 మిల్లీమీటర్ల లావు, 90 పొడవు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు. పలకకి 20, ప్లాస్టరుకి 15, ప్లగ్గుకి 50, ఇంకో 5 అదనం. మామూలు ఇనుము వద్దన్నది తుప్పు ఒక్కదాని కోసమే కాదు. కొన్ని చెక్కల్లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువగా ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి స్క్రూ చుట్టూ నల్లటి మరక వేస్తుంది. ఆ మరక బట్టకీ అంటుతుంది.

ఈ ప్లాస్టిక్ ప్లగ్గుని కొంతమంది ఫిషర్ అని కూడా అంటారు. అది ఒక మనిషి పేరు. జర్మనీకి చెందిన ఆర్థర్ ఫిషర్ 1958లో దీన్ని తయారుచేశాడు. స్క్రూ దిగేకొద్దీ ప్లగ్గు విచ్చుకుని గోడని పట్టుకుంటుంది. కొయ్య చివర బద్ద కొడితే జరిగేదీ, గోడలో ప్లగ్గు చేసేదీ ఒకటే పని అని నాకు స్క్రూ బిగిస్తున్నప్పుడు అర్థమైంది.

మీది జిప్సం బోర్డు గోడ అయితే ఈ ప్లగ్గులు పనికిరావు. వెనక ఉన్న నిలువు పట్టెల్ని వెతికి వాటిలోకే స్క్రూ వేయాలి. పలకలో మేకులు వెతకడానికి వాడిన అయస్కాంతమే ఇక్కడా పనికొస్తుంది, బోర్డుని పట్టెలకి బిగించిన స్క్రూల దగ్గర అతుక్కుంటుంది. పట్టెలున్న చోటుని బట్టి పలకలో రంధ్రాలు జరుపుకోండి.

బిగించాక నా రెండు చేతులతో పట్టుకుని బరువంతా మెల్లగా దాని మీద వేసి చూశాను. కదల్లేదు. గోడకీ పలకకీ మధ్య కాగితం కూడా దూరలేదు.

ఏ కొయ్య ఎవరిదో నేను పంచలేదు. సాయంత్రం నాన్న నడకకి వెళ్లొచ్చి, స్వెటర్ విప్పి, అలవాటుగా కుర్చీ వైపు ఒక అడుగు వేసి ఆగారు. తలుపుకి దగ్గరగా ఉన్న మొదటి కొయ్యకి కుడి చేత్తోనే తగిలించారు. కొయ్య చివరని బొటనవేలితో ఒకసారి తడిమి చూసి, "స్నానాల గదిలో తువ్వాలుది కూడా అంత ఎత్తేనమ్మా" అన్నారు.

ఆ మాట కూడా ఆయన ఇన్నాళ్లూ అనలేదు. బీరువా అరలోంచి మిగిలిన పట్టె ఉంది. గుండ్రటి కర్రలో ఇంకా మూడు కొయ్యలకి సరిపోయే ముక్క ఉంది. అక్కడ గోడకి టైల్స్ కాబట్టి హ్యామర్ పూర్తిగా ఆపేసి, టైల్ బిట్టుతో మెల్లగా తొలవాలి. టైలు దాటాకే ఇటుకలోకి మామూలు బిట్టు. నిన్న రాత్రి ఆయన్ని అక్కడ నిలబెట్టి గీత గీశాను. నేల కొంచెం పల్లంగా ఉన్నందుకేమో, ఆ గదిలో కొలత 131 వచ్చింది.